తాళంచెవి తల కాలి ఉంది

అక్టోబరు 18, శనివారం. తెనాలి, అన్నయ్య ఇల్లు. ఉదయం పదిన్నర. హాజరు: కారు కొనడానికి హైదరాబాదు నుంచి వచ్చినాయన, ఆయన వెంట వచ్చిన మెకానిక్, నేను. మీటరు 38,215.

ఆ రోజు డైరీలో మొదటి పేరా ఇది. ముగ్గురిని రాశాను. అక్కడ ఉన్నది నలుగురం. మా వదిన షెడ్డుకు ఎదురుగా, వంటింటి గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునే ఉంది. కారు ఆవిడ పేరున ఉంది. అమ్మకం కాగితాల మీద సంతకం పెట్టవలసిందీ ఆవిడే. పెడితే బండి మర్నాడు పొద్దున లారీ ఎక్కుతుంది. పెట్టకపోతే షెడ్డులోనే ఉంటుంది. అయినా ఆవిడను రాయలేదు. రాయలేదన్న సంగతి సాయంత్రం దాకా నాకే తెలియలేదు.

నేను బాపట్లలో ఒక కాలేజీ ఆఫీసులో సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. పదహారో ఏట మొదలుపెట్టిన డైరీ ఇప్పటికీ మానలేదు. ముందు తేదీ, తరవాత చోటు, తరవాత హాజరు. ఆఫీసు మీటింగుల మినిట్సు రాసీ రాసీ ఇంటి సంగతులకు కూడా అదే పద్ధతి పట్టుబడింది. అన్నయ్య కారు ఎక్కినప్పుడల్లా బయల్దేరే ముందు మీటరు, దిగాక మీటరు రాసేవాడిని. ఆయన ఒక్కడే తీసిన రోజున రీడింగు నాకు ఫోనులో చెప్పేవాడు.

అన్నయ్య మొన్న ఫిబ్రవరిలో పోయాడు. ఆ రోజు డైరీలో ఆయన పోయిన సమయం, వచ్చినవాళ్ళ జాబితా, చివర్న "బ్యాటరీ వైరు తీసేశాను" అని ఉంది. అంతకు మించి రాయడానికి నాకేమీ తోచలేదు. ఇప్పటికీ తోచడం లేదు. సమాధుల తోటలో అందరూ ఏడుస్తుంటే, ఎండలో నిలబడి పెట్టెకు ఎన్ని మేకులు కొట్టారో లెక్కపెట్టాను. ఎనిమిది.

కారు అమ్ముదామన్నది నేనే. ఎలుకలు ఒకసారి వైర్లు కొరికాయి, అద్దాల చుట్టూ రబ్బరు గట్టిపడుతోంది, నడిపేవాళ్ళు లేరు. వదిన నలభై ఏళ్ళుగా అనే మాటే అంది. "మీ ఇష్టం."

అది జర్మనీ కారు. లేత నీలం, రెండే తలుపులు. ఆ తలుపులు మామూలు కార్ల తలుపులకు ఒకటిన్నర రెట్లు పొడవు. అద్దాలన్నీ దించితే పక్కన అడ్డు స్తంభం ఉండదు, ముందు నుంచి వెనకదాకా ఖాళీ. లోపల పొగాకు రంగు సీట్లు, ముందు చెక్క పట్టీ. వదిన నర్సుగా అక్కడ ఆరేళ్ళు పనిచేసి తిరిగి వచ్చేటప్పుడు తెచ్చుకుంది. శాశ్వతంగా వచ్చేసేవాళ్ళు తమ పేరున ఉన్న బండిని వెంట తెచ్చుకోవచ్చని అప్పట్లో నియమం ఉండేది. అందుకని రిజిస్ట్రేషను ఆవిడ పేరున ఉండిపోయింది.

స్టీరింగు ఎడమవైపు. కాబట్టి పక్క సీటు మన ఊళ్ళో డ్రైవరు కూర్చునే చోట ఉంటుంది. ఆ సీట్లో నోటుబుక్కు పట్టుకుని నేను కూర్చునేవాడిని. వీధిలో వెళ్ళేవాళ్ళకు, కారు కదులుతుంటే నేను రాసుకుంటున్నట్టు కనిపించేది. గాంధీచౌకు దగ్గర టీ కొట్టాయన ఒకసారి కేక వేసి మరీ అడిగాడు. "ఏంటి మాస్టారూ, స్టీరింగు ఇంట్లో మర్చిపోయారా?" అన్నయ్య పొన్నూరు దాకా నవ్వుతూనే ఉన్నాడు.

వెనక సీటు ఉందన్న మాటే గాని, ముందు సీటు మడిచి, వంగి, పక్కవాటంగా దూరాలి. ముందు సీటు మా అమ్మది. అమ్మ పోయాక నాది. వదిన పుట్టిల్లు రేపల్లె. అక్కడి చర్చి పండగకు ప్రతి ఏడూ వెళ్ళేవాళ్ళం. అమ్మ ముందు, నేను వెనక, అన్నయ్య స్టీరింగు దగ్గర. పిండివంటల డబ్బాలతో వదిన ప్యాసింజరు రైల్లో వచ్చేది. చీర నలగదు, మోకాలికీ సుఖమని మేమే అనేవాళ్ళం. స్టేషనులో దిగి ఆవిడ పుట్టింటికి వచ్చేసరికి మా భోజనాలు అయిపోయేవి. ఇందులో తప్పున్నట్టు ఎవరికీ అనిపించలేదు. నాకూ అనిపించలేదు.

హైదరాబాదు ఆయన నెమ్మదస్తుడు, యాభై ఏళ్ళుంటాయి. పాత కార్లు సేకరిస్తాడు. మెకానిక్ కారు కిందికి దూరి టార్చి వేసి చూస్తూ, తుప్పు లేదు, చేపలు ఆరేసే ఊళ్ళకి, ఉప్పుగాలికి ఇంత దగ్గర్లో ఉండి తుప్పు పట్టలేదంటే దీన్ని మనిషిని చూసుకున్నట్టు చూసుకున్నారు బాబాయిగారూ, అన్నాడు. హైదరాబాదు ఆయన సందేహం మాత్రం మీటరు మీద. ఆ మీటరులో కిలోమీటర్లకు అయిదు అంకెలే, ఆ చివర వంద మీటర్లకొకసారి మారే ఎర్ర అంకె ఒకటి. లక్ష దాటితే మళ్ళీ సున్నా నుంచి మొదలవుతుంది. ఇది నిజంగా ముప్ఫై ఎనిమిది వేలా, లేక లక్షా ముప్ఫై ఎనిమిది వేలా? ఆ తేడా మీదే ఆయన ప్రయాణమంతా ఆధారపడి ఉంది.

నేను డైరీలు పేర్చి పెట్టాను. మద్రాసు రేవులో బండి దింపుకున్న రోజు నుంచి ప్రతి కిలోమీటరూ ఉంది. ఆయన గంటసేపు పేజీలు తిప్పి, ఇలాంటి కాగితాలు తన జీవితంలో చూడలేదన్నాడు. నాకు గర్వంగా ఉండాలి. ఉందో లేదో చూసుకున్నాను, తెలియలేదు.

తరవాత ఆయన మొదటి పేజీ దగ్గర వేలు పెట్టాడు.

"ఇది 21,640 దగ్గర మొదలవుతోంది సార్. ఆ ఇరవై ఒక్క వేలు ఎవరివి?"

అవి అక్కడివని, మన లెక్కలో లేవని చెప్పాను.

"అవి నావి," అంది వదిన కుర్చీలోంచి.

అందరం అటు తిరిగాం. ఆవిడ లేవలేదు. గొంతూ పెంచలేదు. తన వార్డులో చూసే పెద్ద డాక్టరు ఒకాయన ఆ కారు కొన్న ఏడాదికే పక్షవాతం వచ్చి నడపలేకపోయాడని, మీటరు తొమ్మిది వేల చిల్లర ఉన్నప్పుడు తన చేతికి వచ్చిందని చెప్పింది. హాస్టలు నుంచి ఆసుపత్రికి పదకొండు కిలోమీటర్లు. రెండేళ్ళు, పగలు డ్యూటీ అయినా రాత్రి డ్యూటీ అయినా తనే నడిపింది. సెలవులకు కొండల దాకా కూడా వెళ్ళింది. మిగిలిన పన్నెండు వేలు అవీ.

"డ్రైవింగు వచ్చా అమ్మా మీకు?" అన్నాడాయన.

"వచ్చు కాబట్టే లైసెన్సు ఇచ్చారు బాబూ. పరీక్ష మూడోసారికి పాసయ్యాను. మొదటి రెండుసార్లూ భాష తప్పింది, బండి తప్పలేదు."

మెకానిక్ నవ్వాడు. అతని చేతిలో తాళంచెవి ఉంది. దాని నల్ల ప్లాస్టిక్ తల ఒక పక్క కాలి ముద్దయి ఉంటుంది. ఇది ఎందుకిలా అయిందని నన్ను అడిగాడు. మొదటి రోజు డైరీలోనే రాసుకున్నాను కాబట్టి అతనికి ఆ పేజీ చదివి వినిపించాను.

"మద్రాసు. మీటరు 21,640. హాజరు: అన్నయ్య, నేను. వెనక సీటులో: పెద్ద సూట్‌కేసులు రెండు, కుట్టుమిషను ఒకటి. తాళంచెవి తల కాలి ఉంది. కారణం తెలియదు."

నేను పేజీ తిప్పబోయాను.

"చిన్నబ్బాయ్," అంది వదిన. డెబ్బై రెండేళ్ళొచ్చినా నన్ను అలాగే పిలుస్తుంది. "ఆ కుట్టుమిషను ఎవరి ఒళ్ళో ఉందో రాశావా?"

రాయలేదని చెప్పాను.

"మద్రాసు నుంచి తెనాలి దాకా నా ఒళ్ళో ఉంది."

తరవాత మెకానిక్ వైపు తిరిగి, అక్కడ చలికాలం పొద్దున పూట తలుపు తాళంలో నీళ్ళు గడ్డకట్టేవని, అగ్గిపుల్ల గీసి తాళంచెవిని వేడి చేసి దూర్చితే గాని తెరుచుకునేది కాదని చెప్పింది. ఒక రోజు డ్యూటీకి ఆలస్యమై గాభరాలో ఎక్కువ కాల్చేసింది. అంతే. నలభై ఏళ్ళలో నేను ఒక్కసారి అడిగినా తెలిసి ఉండేది. ఆవిడ మా ఇంట్లోనే ఉంది.

హైదరాబాదు ఆయన ఇక సందేహపడలేదు. కాగితాలు తీసి గౌరవంగా ఆవిడ ముందు పెట్టాడు. లేడీ ఓనరు నడిపిన బండి అంటే తమవాళ్ళలో ఎంతో విలువని కూడా అన్నాడు. వదిన కాగితాలు చదివింది, కళ్ళజోడు తీసి తుడుచుకుంది, మళ్ళీ చదివింది.

"రేపు పొద్దున రండి. ఇవాళ పెట్టను," అంది.

ఆయన నా వైపు చూశాడు. వాళ్ళు లాడ్జికి వెళ్ళిపోయారు. సాయంత్రం కూర్చుని డైరీలన్నీ వరసగా చూశాను. కారు ప్రయాణాల్లో వదిన ప్రస్తావన రెండు చోట్ల ఉంది. ఒకటి: "వదిన రైల్లో." రెండోది పొన్నూరు అవతల బ్యాటరీ అయిపోయిన రోజు: "వదిన, ఇద్దరు కూలీలు నెట్టారు." ఆవిడ వెనక సీట్లో ఉన్న రోజులు నాకు గుర్తున్నాయి, చాలానే ఉన్నాయి. జాబితాలో లేవు. ఆ రోజు పొద్దున రాసిన పేజీ దగ్గరికి వచ్చేసరికి అక్కడా లేదు. పెన్ను తీశాను గాని చేర్చలేదు. తరవాత చేర్చితే అది డైరీ కాదు.

ఆదివారం పొద్దున ఏడు గంటలకు వాళ్ళొచ్చారు. లారీ మా సందులో తిరగదని మెయిను రోడ్డు మీదే నిలబెట్టారు. అక్కడి దాకా మెకానిక్ నడపాలని అనుకున్నాం. వదిన చర్చికి వెళ్ళే తెల్లచీర కట్టుకుని, బైబిలు సంచి భుజాన వేసుకుని వచ్చి అతని ముందు చెయ్యి చాపింది. అతను తాళంచెవి ఇచ్చేశాడు. హైదరాబాదు ఆయన మళ్ళీ నన్నే చూశాడు. "ఆవిడ బండండి," అన్నాను.

వదిన ఎడమ పక్క కూర్చుని సీటు ముందుకు జరుపుకుంది. బైబిలు సంచి కుడి సీటు మీద పెట్టింది. నేను ఆ తలుపు దగ్గరే నిలబడ్డాను. సంచి తీయమని అడగవచ్చు. అడగలేదు. సీటు మడిచి వెనక్కి దూరాను. రెండుసార్లు తల తగిలింది, మూడోసారికి పట్టాను. మోకాళ్ళు గడ్డానికి ఆనాయి.

మెకానిక్ కొత్త బ్యాటరీ బిగించి ఉంచాడు, ఇంజను మొదటిసారికే అందుకుంది. షెడ్డులోంచి వెనక్కి తీసేటప్పుడు ఆవిడ అద్దాలు చూడలేదు, పూర్తిగా వెనక్కి తిరిగి నా భుజం మీదుగా చూసింది. సందు మలుపులో పాలవాడి సైకిలుకు ఆగి, వాణ్ని పోనిచ్చి కదిలింది. లారీ దగ్గర ఆపి, హ్యాండ్‌బ్రేకు వేసి, ఇంజను కట్టేసింది.

దిగి, కాగితాలు బానెట్టు మీద పెట్టించుకుని నా పెన్ను అడిగింది. అయిదు చోట్ల సంతకాలు పెట్టింది. తాళంచెవికి కొత్త తల చేయిస్తానని మెకానిక్ అంటే, పనిచేస్తోంది కదా నాయనా, ఎందుకూ, అంది. చర్చి మొదటి గంట కొట్టారు. పెన్ను కిటికీలోంచి నాకిచ్చి, సీటు మీది సంచి భుజాన వేసుకుని నడుస్తూ వెళ్ళిపోయింది.

నేను ఇంకా వెనక సీట్లోనే ఉన్నాను. ముందు సీటు లోపలి నుంచి ఎలా మడవాలో నాకు తెలియదు. మెకానిక్ వచ్చి తీసేదాకా అక్కడే కూర్చుని రాసుకున్నాను.

అక్టోబరు 19, ఆదివారం. తెనాలి. హాజరు: వదిన. వెనక నేను. మీటరు 38,215. చివరి ఎర్ర అంకె రెండు నుంచి ఆరుకు మారింది.