‘అది ఏమైంది?’

మా మేనేజర్ సారు కామారెడ్డి ఆఫీసులో కూర్చునేవారు. నేను ఎల్లారెడ్డిలో డ్రిప్పు పైపుల గోదాము చూసేవాణ్ణి. రోజూ పొద్దున్నే ఫోన్ చేసి ఆయన ఒకటే అడిగేవారు: “అది ఏమైంది?”

ఏది అన్నది మాత్రం ఏనాడూ చెప్పలేదు. ఎదురుగా రైతులు నిలబడి ఉంటారు. పైపులు ముందు ఏ ఊరికి పంపాలో తెలియదు. నాకు తోచినట్టు పంపితే సాయంత్రం మళ్లీ ఫోన్: “గట్లెందుకు చేసినవయ్యా?” ఆయన దగ్గర నుంచి వేళకు అందేవి తిట్లే.

ఒకసారి ఉండబట్టలేక, “ఏది సార్?” అన్నాను.

“గదేనయ్యా, మొన్న అనుకున్నం గదా,” అని ఫోన్ పెట్టేశారు.

పక్కనే బండిలోకి పైపులెత్తుతున్న హమాలీ అన్న నవ్వాడు. “గట్ల అడగొద్దు తమ్మీ. పాపం, ఆయనకు గూడ ఎర్క లేదు. అయితాంది సార్ అను, అయిపోతది.”

అన్నాను. నిజంగానే అయిపోయింది. ఏది కావడం లేదో తెలియక నాకు నిద్ర మాత్రం పట్టేది కాదు. చివరికి కామారెడ్డి వెళ్లి, మానేస్తున్నానని ఆయన ముందే నిలబడి చెప్పాను.

“సరే, చూద్దాం,” అన్నారు, సెల్‌ఫోన్‌లోంచి తల ఎత్తకుండా.

ఇప్పుడు నస్రుల్లాబాద్‌లో మోటార్లు బాగుచేసే దుకాణం పెట్టుకున్నాను. కాలిన మోటారు కళ్లముందే ఉంటుంది, ఏదని ఎవరినీ అడగక్కర్లేదు. కంటినిండా నిద్ర పడుతోంది.

మొన్న పొద్దున్నే ఫోన్ మోగింది. “అది ఏమైంది?”

“అయితాంది సార్.”

“శభాష్,” అన్నారు సారు. ఆయన నోట ఆ మాట వినడం అదే మొదటిసారి.