మావయ్య బేరీజు పుస్తకం

పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక మావయ్య తన మనవరాలిని, పెద్దకొడుకు కూతుర్ని, వెంటబెట్టుకుని చిలకలపూడిలోని మా ఇంటికి వచ్చారు. చంకలో ఎర్రట్ట నోటుపుస్తకం. దాన్ని చూడగానే నా వయసు సగానికి తగ్గిపోయింది. "పిల్లకి ఇంజనీరింగ్ ఆప్షన్లు నువ్వే పెట్టాలమ్మా. నా కళ్లు ఇదివరకట్లా లేవు" అంటూ పుస్తకం నా ఒళ్లో పెట్టారు. ఇన్నేళ్లలో ఆ పుస్తకాన్ని ఇంకొకరి చేతికివ్వడం అదే మొదటిసారి అనుకుంటాను.

మావయ్య నాకు చుట్టమేమీ కాదు. ఓ కాలేజీ ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైన సంఘపెద్ద, అందుకని ఊరందరికీ మావయ్యే. కౌన్సెలింగ్ రోజులొస్తే చర్చి వరండాలో బల్ల వేసుకుని కూర్చునేవారు. రాష్ట్రంలోని ప్రభుత్వ యూనివర్సిటీలకి ఆ పుస్తకంలో తలా ఒక పేజీ. హాస్టల్లో నీళ్లొస్తాయా, మెస్సులో చారు నోట పెట్టేలా ఉంటుందా, బందరులో రైలెక్కితే ఎక్కడ మారాలి, పోయినేడు ఏ ర్యాంకు దాకా సీటొచ్చింది, అన్నీ రాసుండేవి. ఒక పేజీలో 'మెట్లు ఎక్కువ' అని కూడా ఉండేది. ఆయనకి మోకాళ్ల నొప్పులు లెండి. గుడివాడ నుంచీ, అటు అవనిగడ్డ నుంచీ కూడా పిల్లల్ని తీసుకొచ్చేవారు. హాల్‌టికెట్ నంబరూ పాస్‌వర్డూ చీటీ మీద రాసి, బైబిల్లో పెట్టి ఆయనకి ఇచ్చేవాళ్లం. ఆయన ఆ బైబిల్ మీద చెయ్యి ఉంచి ప్రార్థన చేసి, సోమవారం నెట్ సెంటర్‌కి వెళ్లి అందరి ఆప్షన్లూ ఒక్కరే పెట్టేవారు. ఏ వరసలో పెట్టారో చూపించమని అడిగినవాళ్లు లేరు. ప్రార్థన చేసిన చీటీని అనుమానించడం మా ఇళ్లల్లో తెలియదు.

నేను కోరుకున్నది ఒక్కటే, ఉత్తరాన సముద్రం ఒడ్డున ఉన్న పాత యూనివర్సిటీలో సివిల్. మా నాన్న పెడనలో అద్దకం బల్ల దగ్గర పనిచేసేవాడు. రంగు వదలని వేళ్లతోనే చీటీ మడిచి బైబిల్లో పెట్టాడు. "సముద్రమే కావాలంటే మంగినపూడిలో లేదటే పిల్లా?" అని మావయ్య నవ్వారు. తరవాత సీరియస్‌గానే, "అదే మొదట పెడతాన్లే, వెళ్లు" అన్నారు. నేనూ నవ్వాను. సీటు ఖాయమన్నట్టు మా అమ్మ అప్పుడే బందరు లడ్డూలు తెప్పించి ఉంచింది.

సీట్ల జాబితా వచ్చింది. నాకు మన జిల్లా యూనివర్సిటీ. మావయ్య కూతురికి, నాకంటే వెనక ర్యాంకు ఉన్న మా వదినకి, ఆ సముద్రం ఒడ్డు సివిల్ సీటు. పరుగున వెళ్లి అడిగితే ఆయన నా తల నిమిరారు. "ఆడపిల్లవి, ఇంటికి దగ్గరుంటావని మనసు మార్చుకున్నానమ్మా. యూనివర్సిటీలన్నీ ఒకటే, చదివేవాళ్లని బట్టే చదువు. మా పిల్లదీ అలాగే పెడదామనుకున్నా, అది మొండిది, నా మాట వినలేదు" అన్నారు. ఏడ్చాను, కానీ నమ్మాను. చదువుకి లోటేమీ రాలేదు, నిజం చెప్పాలి. అక్కడే చదివి ఇప్పుడు అక్కడే పాఠాలు చెబుతున్నాను. ప్రతి ఏడూ కొత్త పిల్లలకి 'యూనివర్సిటీలన్నీ ఒకటే' అని ఆయన మాటే అప్పజెబుతున్నాను.

ఆదివారం ఆ పుస్తకం తిరగేస్తూ సముద్రం ఒడ్డు పేజీ దగ్గర ఆగాను. మా ఏడాది సివిల్ గడిలో రెండు పేర్లు, నాదీ వదినదీ, పక్కన ర్యాంకులు. కింద ఆయన ముత్యాల్లాంటి చేతిరాత: 'పోయినేటి లెక్కన ఇద్దరిలో ఒకరికే రావచ్చు. దీనిది కింద పెట్టాలి.' దీనిది అంటే నాది. నా పేరు కింద గీత గీసి ఉంది. పదిహేడేళ్లుగా నన్ను ఓదార్చిన మాట ఆ గీత గీశాక కల్పించినది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయంటారే, అదీ నా సంగతి. నాకు చెప్పలేనంత కోపం వచ్చింది.

"మన జిల్లాది మటుకు అన్నిటికన్నా చివర్న పెట్టమ్మా" అన్నారు మావయ్య టీ ఊదుకుంటూ. నేను అక్కడే పనిచేస్తానన్న సంగతి కూడా ఆయనకి అడ్డం రాలేదు.

నేను ఫోను ఆ పిల్ల చేతికే ఇచ్చాను. "నువ్వే పెట్టుకో. పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకు, నాకు కూడా" అన్నాను.

"పిన్నీ, ఏది మంచిదో నువ్వు చెప్పవా?" అంది అది.

"ఏ పేజీలో ఏముందో చదివి చెబుతాను. వరస నీది." ఒక్కో పేజీ చదివాను, మెట్లతో సహా. అది తన వేలితో తనే నొక్కింది. మన జిల్లాది ఎక్కడ పెట్టిందో నేను చూడలేదు.

వాళ్లు వెళ్లేముందు ఆ పేజీ తెరిచి మావయ్య ముందుంచాను. కళ్లజోడు తుడుచుకుని రెండుసార్లు చదివారు. "అప్పటి సంగతి ఇప్పుడెందుకమ్మా, ఎన్నేళ్లయింది" అన్నారు మెల్లగా.

ఆయనకి ఎన్నేళ్లో అయింది. నాకు మాత్రం అది పోయిన ఆదివారమే జరిగింది.