మన్నళ్ళి శిబిరంలో వాడిన సూదులు

హేబ్సిబా బీదర్‌లో నర్సుగా పనిచేస్తూ ఆక్యుపంక్చర్ నేర్చుకుంది. నేర్పినవాడు జీవరాజ్. జిల్లాలో ఈ వైద్యం చేసేవాళ్ళ సంఘానికి ఆయనే అధ్యక్షుడు. ఆయన మీద గురితో ఆమె ఆసుపత్రి ఉద్యోగం మానేసి ఆయన క్లినిక్‌లో చేరింది. "నా తర్వాత ఈ కుర్చీ హేబ్సిబమ్మదే" అని ఆయన సభల్లో అంటుంటే ఆమె ముఖం వెలిగిపోయేది.

ఆ ఏడు మన్నళ్ళి బడిలో ఉచిత శిబిరం పెట్టారు. జనం విరగబడి వచ్చారు. మధ్యాహ్నానికి సూదులు అయిపోయాయి. మరికొన్ని తెప్పిద్దామని ఆమె ఫోను తీస్తుండగా జీవరాజ్ కనిపించాడు. తాయవ్వ అనే ముసలామె మోకాలి నుంచి సూది పీకి, చేతిలోని దూదికి తుడిచాడు. ఆ దూది అప్పటికే ఎర్రబడి, జిగటగా ఉంది. అదే సూదిని పక్క బల్ల మీద పడుకున్న రాచయ్య భుజంలో గుచ్చాడు.

హేబ్సిబా గబగబా ఆయన దగ్గరికి వెళ్ళింది.

"సార్, ఏం జేస్తున్నరు? అది తాయవ్వకు గుచ్చిన సూది!"

"మెల్లగ మాట్లాడు. స్పిరిట్ తోటి తుడిచిన గద," అన్నాడు జీవరాజ్, నవ్వు చెదరకుండా. "గింత మందిని వాపస్ పంపిస్తే సంఘం ఇజ్జత్ ఏమైతది? రేపు నువ్వు కూసునే కుర్చీ. జర సోంచాయించు."

ఇదివరకటి శిబిరాల్లో ఆయన సర్దిచ్చిన ట్రేలోంచి తానెందరికి గుచ్చిందో తలచుకుంటే ఆమెకు తన చేతులే రోతగా అనిపించాయి. ట్రే లాక్కుని సూదులన్నీ డబ్బాలో పోసి మూత బిగించింది.

"వాడిన సూదులే మల్ల వాడిన్రు. గుచ్చిపిచ్చుకున్నోళ్ళందరు దవాఖానకు పోయి రక్తం చూపిచ్చుకోండ్రి!" అని అరిచింది.

"ఫుకట్‌ల చేస్తుంటే నీకేం కడుపుమంటనమ్మా?" అని రాచయ్యే కసిరాడు.

తరువాతి సమావేశంలో సంఘం సభ్యుల జాబితాలోంచి ఆమె పేరు కొట్టేసింది. ఆమెతో కలిసి ఈ వైద్యం నేర్చుకున్న సుజన వరండాలోకి వచ్చి, "అందరు చేసేదే గదక్కా. బయట జెప్పుడే తప్పు," అంది. ఆ నెత్తుటి దూది కన్నా ఈ మాటే హేబ్సిబాకు ఎక్కువ వెగటు పుట్టించింది. ఆ సాయంత్రమే సుజనకు శాలువా కప్పి కార్యదర్శిని చేశారు.

హేబ్సిబా ఆరోగ్యాధికారులకు ఫిర్యాదు చేసింది. వాళ్ళు వచ్చి జీవరాజ్ క్లినిక్‌కు తాళం వేశారు. కొన్నాళ్ళకు అది మళ్ళీ తెరుచుకుంది. ఆమె మాత్రం తన ఇంటి ముందు గదిలో, రోగి కళ్ళెదుటే కొత్త ప్యాకెట్ చించి వైద్యం చేస్తోంది. వచ్చేవాళ్ళు తక్కువ.

మన్నళ్ళి నుంచి ఒక్క తాయవ్వే వచ్చింది.

"నా రక్తం మంచిగనే ఉన్నదంట బిడ్డా. రాచయ్య పరీక్షకే పోలే. మొన్న మల్ల జీవరాజ్ సార్ కాడనే గుచ్చిపిచ్చుకున్నడు."

హేబ్సిబా నోట్లో చేదు నీళ్ళూరాయి. వాకిట్లోకి వెళ్ళి ఉమ్మేసి వచ్చి అడిగింది.

"ఏ మోకాలు నొస్తున్నది తాయవ్వా?"