రోకలి పడేదాకా

మా చిన్నప్పుడు గ్రహణం ఆకాశంలో కంటే మా నాయనమ్మ నోట్లోనే ఎక్కువగా ఉండేది... నేను మూతి ముడుచుకుంటే "ఏందే, మొహానికి గ్రహణం పట్టిందా?" అనేది. తిష్ఠవేసిన చుట్టం ఎట్టకేలకు బస్సెక్కితే "అమ్మయ్య, గ్రహణం విడిచింది" అనేది. బడిలో సారు మాత్రం, గ్రహణం అంటే పట్టుకోవడమని అర్థం చెప్పాడు. నాకు నవ్వొచ్చింది... అంత సూర్యుణ్ణి ఎవరు పట్టుకుంటారు?

ఆ నవ్వు ఒక్క పొద్దుతో పోయింది.

కారేపల్లి దాటాక అడవి అంచున మా ఊరు. పాత పెంకుటిల్లు. మా చిన్నమ్మ, అంటే చిన్నాయన భార్య, అప్పటికి నెలలు నిండి ఉంది. తల్లి లేని పిల్ల కనుక తొలి కాన్పు కూడా మా ఇంట్లోనే అనుకున్నారు. నాయనమ్మకు ఆ కోడలంటే ప్రాణం.

ఆ రోజు సూర్యగ్రహణం. చిన్నాయన మిర్చి బస్తాలతో ఖమ్మం వెళ్ళాడు. నాయనమ్మ నీళ్ళ కుండల్లో, పచ్చడి జాడీల్లో గరిక వేసింది. కిటికీకి గోనెసంచులు కట్టి, చిన్నమ్మను చీకటి గదిలో చాప మీద వెల్లకిలా పడుకోబెట్టింది. తోడుగా నన్ను కూర్చోబెట్టింది.

"కదలకు బిడ్డా. గీరుకోకు, కాళ్ళు ముడవకు. గ్రహణం సోకితే పిల్లకు మొర్రి వస్తది" అని చెప్పి బయట గడియ పెట్టింది.

వాకిట్లో ఇత్తడి తాంబాళంలో పసుపునీళ్ళు పోసి రోకలి నిలబెట్టడం మా దగ్గర ఆనవాయితీ. గ్రహణం పట్టినంతసేపు రోకలి దానంతటదే నిలబడుతుందని, విడవగానే పడిపోతుందని అందరి నమ్మకం. ఎప్పుడూ తంటాలు పడితేగానీ నిలవని మా రోకలి, ఆ రోజు పెట్టీ పెట్టగానే నిలబడింది.

"జూసినవా వదినే, ఎంత గట్టి గ్రహణమో!" అని నాయనమ్మ పక్కింటామెతో అనడం మాకు లోపలికి వినిపించింది.

కాసేపటికి కోళ్ళు గూట్లోకి దూరిన చప్పుడు... అడవి వైపు పిట్టల అరుపులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. పగిలిన పెంకు సందులోంచి రోజూ గుండ్రటి వెలుగుచుక్క నేల మీద పడేది. ఆ రోజు అది కొడవలిలా వంగి ఉంది. మెల్లగా చాప వైపే జరుగుతోంది.

"అది నా మీద పడొద్దే... చెయ్యి అడ్డం పెట్టు" అంది చిన్నమ్మ.

పెట్టాను. కొడవలి నా అరచేతిలోకి వచ్చింది. అయినా ఆమె భయం తీరలేదు. మోకాళ్ళు ముడుచుకుని, కడుపు మీద కొంగు కప్పుకుని గోడకు ఒదిగింది. అప్పుడే నొప్పులు మొదలయ్యాయి. చాప తడిసిపోయింది.

నేను తలుపు బాదాను. "నాయనమ్మా, చిన్నమ్మకు నొప్పులు లేసినయ్! తలుపు తియ్యి!"

"జర ఓర్చుకోమను బిడ్డా... రోకలి ఇంకా నిలబడే ఉన్నది."

నేల మీద కొడవలి లావెక్కింది... నిండింది... మళ్ళీ గుండ్రమైంది. కోడి కూసింది. తలుపు సందులోంచి వాకిట్లో ఎండ కనిపిస్తూనే ఉంది.

"విడిచింది నాయనమ్మా! ఎండొచ్చింది!"

"కండ్లను నమ్మొద్దే. రోకలి పడలే."

చిన్నమ్మ కేకలు వేయడం మానేసి నా చెయ్యి పట్టుకుంది.

పొద్దు వాలుతుండగా చిన్నాయన వచ్చాడు. నా ఏడుపు విన్నాడు. "ఎండ మండుతున్నది, ఇంకేం గ్రహణమే అవ్వా!" అని తల్లి మీద అరిచి, రోకలిని ఒక్క తన్ను తన్నాడు. అది పడ్డాకే నాయనమ్మ గడియ తీసింది.

ట్రాక్టర్లో దవాఖానాకు తీసుకెళ్ళారు. చిన్నమ్మ దక్కింది. బిడ్డ మాత్రం ఏడవలేదు.

ఊరంతా ఒకటే మాట... "ఆమె లోపల కదిలిందట. గ్రహణం మింగింది." చిన్నమ్మ కూడా అదే నమ్మింది. తిండి మానేసి, గోడ వైపు తిరిగి పడుకునేది.

కొన్నాళ్ళకు, ఒక మామూలు రోజు, కారం దంచుదామని నాయనమ్మ రోకలి తీసింది. తిప్పి అడుగు చూసింది. గ్రహణానికి కొద్ది రోజుల ముందే చిన్నాయన కమ్మరి దగ్గర దానికి కొత్త పొన్ను వేయించాడు... అడుగున ఇనుప కట్టు, బల్లపరుపుగా. నాయనమ్మ వెళ్ళి తాంబాళం తెచ్చింది. నీళ్ళు పోసింది. రోకలి పెట్టి చెయ్యి తీసేసింది.

నిలబడింది.

పైన ఏ గ్రహణమూ లేదు. నాయనమ్మ దాని ముందే కూలబడింది. చాలాసేపటికి లేచి, లోపలికెళ్ళి చిన్నమ్మను చెయ్యి పట్టుకుని వాకిట్లోకి తీసుకొచ్చింది.

"జూడు బిడ్డా. నువ్వు కదిలినందుకు గాదు... నేను తలుపు తియ్యనందుకు."

చిన్నమ్మ ఆ రోకలి పక్కనే కూర్చుని పొద్దుగూకేదాకా ఏడ్చింది.

ఇప్పుడు మా ఇంట్లో రోకలి లేదు, మిక్సీ ఉంది. గ్రహణం ఎప్పుడు పట్టేదీ, ఎప్పుడు విడిచేదీ ఫోన్లోనే వస్తుంది... దాంతోపాటే, కడుపుతో ఉన్నవాళ్ళు గది దాటొద్దనే మెసేజీలు కూడా. మొన్నటి గ్రహణం నాడు మా అమ్మాయికి ఎనిమిదో నెల, పురిటికి మా ఇంట్లోనే ఉంది. వాళ్ళ అత్తగారు పొద్దున్నే ఫోన్ చేసి, గది తలుపు మూసి ఉంచమని మరీ మరీ చెప్పింది.

ఆ సంగతి తెలిసి చిన్నమ్మ ఆటో ఎక్కి వచ్చేసింది. ఎవరితోనూ వాదించలేదు. గది గుమ్మంలో, తలుపు మూసుకుపోకుండా అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుంది. గ్రహణం విడిచిందని చెప్పినా లేవలేదు.

మీ ఇళ్ళల్లో కూడా రోకలి నిలబెట్టేవారా? ఆ కబుర్లు చెప్పండి... గడియ తీసింది ఎవరో, అది కూడా చెప్పండి.