బాపు మోకు, ఎర్ర వైరు

పోయిన ఎండాకాలం మా పాత కారు స్టార్టవడానికి మొరాయిస్తుంటే, జగిత్యాల షోరూంకు తీసుకెళ్లాను. కథలాపూర్‌లో తాటిచెట్లెక్కి, లొట్లు అనే కల్లు కుండలు కట్టి, కల్లు గీసి నన్ను టీచర్‌ను చేసిన మా బాపు కూడా వెంట వచ్చాడు. బ్యాటరీకి మేనేజర్ చెప్పిన రేటు విని, "మేమే మార్చుకుంటాం" అన్నాను. అతను చెట్లెక్కి కాయలు కాసిన బాపు చేతులవైపు చూసి, కల్లు గీసే మనిషని పోల్చుకున్నాడు.

"చెట్టుకు లొట్టి కట్టినట్టు గాదు మేడం. కారు కాలిపోతది."

అక్కడున్నవాళ్లంతా నవ్వారు. బాపు తల దించుకున్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

కోరుట్లలో కొత్త బ్యాటరీ కొని, ఏ వైరు ముందు విప్పాలో దుకాణంలో అడిగి తెలుసుకుని, ఇంటి ముందే బానెట్ ఎత్తాను. ఆ కోపంలో ముందు ఎర్ర వైరుకే పానా వేశాను. పానా కారు బాడీకి తగిలి నిప్పురవ్వలు చిమ్మాయి. కెవ్వుమని వెనక్కి పడ్డాను.

"దుకాణపాయన చెప్పింది మరిచినవా బిడ్డా?" అన్నాడు బాపు. "ఎర్రది ముందుగాల కట్టాలె, ఆఖరుకు ఇప్పాలె. గది మన మోకు అనుకో."

మోకు అంటే చెట్టెక్కేటప్పుడు నడుముకూ చెట్టుకూ కలిపి కట్టుకునే తాడు; అన్నిటికన్నా ముందు కట్టుకుని, నేలకు దిగాకే ఆఖరున విప్పాలి. ఆ వరస ఎన్నడూ తప్పలేదు కాబట్టే బాపు బతికున్నాడు. ఆయన చెప్పినట్టే నల్లది ముందు విప్పాను. కొత్త బ్యాటరీతో కారు ఒక్క తిప్పుకే స్టార్టయింది.

నేరుగా వెళ్లి షోరూం గుమ్మం ముందు ఆపి, బాపును హారన్ నొక్కమన్నాను. మేనేజర్ పరుగెత్తుకొచ్చాడు.

"ఎవలు మార్చిండ్రు మేడం?"

"లొట్టి కట్టేటాయన."

అతని ముఖం మాడిపోయింది.

క్షమించడం గొప్ప గుణమని బడిలో పిల్లలకు నేనే చెబుతాను. కానీ జగిత్యాల వెళ్లిన ప్రతిసారీ ఆ గుమ్మం ముందు హారన్ కొట్టకుండా మాత్రం రాను.