మసి వదిలించిన శుక్రవారం

ఆ రోజుల్లో నాకు దేవుడి మీద ఎంత నమ్మకం ఉండేదో, వంటింటి గోడకు వేలాడే క్యాలెండరు మీద అంతకంటే పిసరంత ఎక్కువే ఉండేది. దేవుడు దయ తలచి ఏ తప్పయినా మన్నిస్తాడు గానీ రాహుకాలం మన్నించదని నా లెక్క. (ఆ లెక్క తప్పని తెలియడానికి ఒక ఇంజను బలి కావలసి వచ్చింది.) నేను బడి ముఖం చూసినదాన్ని కాదు. చిన్నప్పటి ఉబ్బసం ఇల్లు కదలనివ్వకపోతే, నాచారం ఫ్యాక్టరీలో లేత్ మిషను మీద పనిచేసే మా బాపే డ్యూటీ దిగి వచ్చి నాకు చదువు చెప్పాడు. తెలుగు దినపత్రికతో, ఇంగ్లీషు డబ్బాల మీది లేబుళ్లతో నడిచిన చదువు అది. "ఏది ముట్టినా ముందుగాల దాని మీద రాసింది చదువు బిడ్డా" అనేవాడు. చదవడం నేర్పడం వరకే పాపం ఆయన చేతిలో ఉంది. చదివినదాన్ని వినడం నా వంతు.

నాకు ఇరవై రెండేళ్లు ఉన్నప్పుడు బాపు కిడ్నీలు రెండూ పోయాయి. మంగళ, గురు, శనివారాలు అంబర్‌పేట్ వైపు ఒక దవాఖానాలో డయాలిసిస్. నాలుగు గంటలు మిషను కింద పడుకుంటే మళ్లీ రెండు రోజులు మనిషి. ఒక్కసారి తప్పితే కాళ్లు ఉబ్బి, ఊపిరి అందేది కాదు. ఉప్పల్‌లోని మా ఇంటి నుంచి ఆయనను తీసుకుపోవడానికి ఒక పాత పెట్రోలు కారు, దానికి డ్రైవరుగా నేను. చౌరస్తాలో పచ్చలైటు పడ్డాక ఆ కారు నాలుగుసార్లు దగ్గి గానీ కదిలేది కాదు. వెనుక బస్సు హారను ఆపకుండా మోగుతుంటే బాపు సీటుకు తల ఆనించి, "నాకన్నా ముందు దీన్ని మిషను మీద పండబెట్టాలె" అనేవాడు.

నాచారంలో మా మేనమామకు కార్లు బాగుచేసే రేకుల షెడ్డు ఉండేది. ఆ గురువారం దవాఖానా నుంచి వస్తూ అక్కడ ఆగాం. మామ బానెటు ఎత్తి ఒక ప్లగ్గు విప్పి, లోపలికి టార్చి కొట్టి చూశాడు.

"కోడలా, గిది ఇంజను కాదు, కట్టెల పొయ్యి. లోపలంత మసి గడ్డకట్టింది."

"మరి ఇప్పి కడుగు మామా."

"ఇప్పితే వారం పడ్తది. వారం దాక మా బావను ఎవలు మోస్తరు? మసి కరిగే మందున్నది, రేపు పొద్దుగాల పోద్దాం. మాపటికల్ల బండి నీ చేతిల పెడ్త."

పద్ధతి నాకు ఒకటికి రెండుసార్లు వివరంగా చెప్పాడు. నాలుగు ప్లగ్గులూ విప్పి, ఆ రంధ్రాల్లోంచి మందు పోసి, పిస్టన్ల నెత్తి మీది మసిని నాననివ్వాలి. నానాక ప్లగ్గులు పెట్టకుండానే సెల్ఫ్ కొడితే మందంతా మసితో సహా పైకి చిమ్మిపోతుంది. అప్పుడు ప్లగ్గులు బిగించి, ఆయిల్ మార్చి, ఆ తర్వాతే స్టార్ట్ చేయాలి. శుక్రవారం ఎనిమిదింటికి మందు పోశాడు. లోపల దుమ్ము పడకుండా ప్లగ్గులను చేత్తో వదులుగా తిప్పి పెట్టాడు. "ఉప్పల్ పోయి ఆయిల్ తెస్త. నేనొచ్చేదాక ముట్టకు" అన్నాడు. నేను సరే మామా అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

ఒక్కదాన్నే కూర్చుని మందు డబ్బా చదివాను. లోపల చుక్క ద్రవం మిగిలి ఉన్నా ఇంజను స్టార్ట్ చేయరాదని ఎర్రక్షరాల్లో ఉంది. చదివాను, అర్థమైంది కూడా. పదింబావుకు మామకు ఫోను చేస్తే, "రేపటి మ్యాచ్ కోసం స్టేడియం కాడ రోడ్డు బంద్ పెడ్తున్రు కోడలా, ఇంకో గంట పడ్తది" అన్నాడు. శుక్రవారం రాహుకాలం పదిన్నర నుంచి పన్నెండు దాకా. మామ వచ్చేది సరిగ్గా దాని నడుమకు; ఆయనకు ఇవేవీ పట్టవు, రాగానే సెల్ఫ్ కొడతాడు. బాపును దవాఖానాకు మోసే బండి కొత్త ఊపిరి పోసుకునేది ఆ ఘడియలోనా? పోసింది కొంచెమే కదా, తీర్థంలా ఎప్పుడో ఇంకిపోయి ఉంటుందని నాకు నేనే చెప్పుకున్నాను. మామ చేస్తుంటే చూసినట్టే ప్లగ్గులు బిగించి, వైర్లు తగిలించి, ముందు టైరు కింద నిమ్మకాయ పెట్టి, అగరొత్తి వెలిగించి, దండం పెట్టుకుని తాళం తిప్పాను.

టక్కుమని ఆగింది. దేవుడు పరీక్ష పెడుతున్నాడనుకున్నాను. మళ్లీ తిప్పాను, మళ్లీ టక్కు. మూడోసారి వెంకన్న పేరు గట్టిగా తలచుకుని తిప్పేసరికి ఇంజను ఒక్క ఊపు ఊగి, ఒక్కసారి పట్టుకుని, ఇనప గునపాన్ని బండ మీద పడేసినట్టు చప్పుడు చేసి మూగబోయింది. వెనుక తెల్లటి పొగ, ముందు అగరొత్తి పొగ. టైరు కింద నిమ్మకాయ మాత్రం చెక్కుచెదరలేదు. టైము పదీ ఇరవై ఆరు.

మామ ఆయిల్ డబ్బాతో వచ్చి, పొగ చూసి, నన్ను చూశాడు.

"ప్లగ్గులు ఎవలు బిగించిన్రు?"

"నేనే మామా."

"మందు తీసినవా?"

ఎర్రక్షరాల డబ్బాను కాలితో బెంచీ కిందికి నెట్టాను.

"గాలైతే నలుగుతది కోడలా, నీళ్లు నలుగుతయా? పిస్టన్ పైకొచ్చి మందుకు గుద్దుకున్నది. కింద రాడ్ వంగింది." బానెటు దించి, "అంత ఆత్రమేందే" అన్నాడు.

"రాహుకాలం వస్తున్నదని."

మామ ఆయిల్ డబ్బాను మెల్లగా నేల మీద పెట్టాడు. "ఫికర్ జెయ్యకు. ఇగ ఈ బండికి రాహుకాలం రాదు తియ్యి."

మర్నాడు మధ్యాహ్నం పన్నెండుకు బాపు వంతు. స్టేడియం చుట్టూ దారులు మూసేశారు. ఒక్క ఆటో కూడా వస్తానలేదు. చివరికి మామ స్కూటరే గతి అయింది. ముందు మామ, నడుమ బాపు, ఆయన పక్కకు ఒరిగిపోకుండా రెండు చేతులా పట్టుకుని వెనుక నేను. చొక్కా మీదుగా ఆయన ఎగశ్వాస నా చేతులకు తెలుస్తూనే ఉంది. మెట్రో స్తంభాల కింద జెండాలు పట్టుకున్న జనం మాకు ఎదురుగా నడిచి వస్తున్నారు. ముఖానికి రంగులు పూసుకున్న ఒకతను, "పెద్దాయనా, మ్యాచ్ అటు కాదు, ఇటు" అన్నాడు. "నా మ్యాచ్ అటే ఉన్నది బిడ్డా" అన్నాడు బాపు, మూడుసార్లు ఆగి.

చేరేసరికి ఒకటిన్నర. మిషను ఇంకొకరికి పెట్టేశారు. "ఆ తర్వాతి టర్న్ కూడా నిండిందమ్మా. రేపు ఆదివారం బంద్. సోమవారం చూద్దాం" అంది నర్సు. బెంచీ మీద బాపు కాళ్లు అప్పటికే చెప్పుల్లో పట్టడం లేదు. సోమవారం దాకా ఆగే ఒళ్లు కాదది. దండం పెడదామన్నా ఏమని అడగాలో తోచలేదు. నిన్ననే కదా అన్నీ అడిగేశాను.

అప్పుడు పక్క బెంచీ మీద నుంచి, ఆ తర్వాతి టర్న్ తనదే అయిన పెద్దమ్మ ఒకామె లేచింది. "నా దాంట్ల ముందుగాల ఆయనను ఎక్కియ్యి సిస్టరమ్మా. మిగిలిన టైము నాకు సాలు. నేను నడిచొచ్చిన, ఆయన మోపిచ్చుకోనొచ్చిండు" అంది. నర్సు వద్దంది, డాక్టరు సందేహించాడు, పెద్దమ్మ మాత్రం అన్న మాట మీద నుంచి కదల్లేదు. అలా ఇద్దరికీ రెండేసి గంటలు వచ్చాయి. సాయంత్రం మిషను ఖాళీ అయి బాపు మంచం ఎక్కాక ఆమె, "బండి ఖరాబైందా అన్నా?" అని అడిగింది.

"లేదక్కా, నడుస్తుండె. మా బిడ్డ బాగుజేసింది."

పెద్దమ్మ నవ్వింది. సూది గుచ్చుతున్న నర్సు చెయ్యి ఆపి నవ్వింది. బాపు ఇంకా ఊరుకోలేదు. "దాన్ని ఈ మిషను కాడికి రానియ్యకున్రి, జర" అన్నాడు.

ఆ తర్వాత బాపు ఇంకో రెండేళ్లు ఉన్నాడు. అది నాకు దొరికిన వరమే. పెద్దమ్మ మంచం మీద మాత్రం మూడు వారాలకే ఎవరో వేరే ఆమె కనిపించింది. గుండె ఆగిందట. "ఆ రెండు గంటల వల్లనా?" అని నర్సును అడిగాను. కాదమ్మా అంది, కొంచెం తొందరగా అంది. ఆమె పేరు అడగాలని నాకు ఆ రోజు తోచలేదు. ఈనాటికీ పొద్దున దీపం పెట్టినప్పుడు బాపు పేరు తర్వాత పేరు లేని ఒక మనిషికి దండం పెడతాను. ఎవరికి చేరాలో దేవుడికి తెలుసు.

ఇక ఆ ఇరవై రెండేళ్ల పిల్ల సంగతి. ఆ రెండు గంటలూ చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని స్టూలు మీద బిగుసుకుని కూర్చుంది. బాపు పెదాలు ఎండి కాస్త తడపమంటే, "సిస్టర్, నీళ్ల సీసా ముట్టుకోవచ్చా?" అని అడిగింది. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది నాకు. నవ్వాక, వెళ్లి ఆ పిల్ల చేతులు పట్టుకోవాలనిపిస్తుంది.