పెదనాన్న పొడిగించిన ప్రార్థన

ఈ సాయంత్రం మా పాపకు ఫోన్‌లో బడి పాఠం తెరుచుకోలేదు. చూడకూడనివి చూస్తుందేమోనన్న భయంతో అందులో తాళాలన్నీ వేసింది నేనే. పాఠానికి కూడా వేసేశానని అది ఏడుస్తుంటే తెలిసింది. చెవులు వేడెక్కాయి. ఆ వేడి నాకు పాతదే.

నేను డిగ్రీ ముగించిన కొత్తలో, సాలూరులో మా చర్చి వెనక గదిలో పిల్లలకోసం కంప్యూటర్లు పెట్టారు. వాటికీ ఇంటర్నెట్‌కీ మధ్య కాపలాగా ఫైర్‌వాల్ కావాలి. విశాఖ నుంచి మనిషిని పిలుద్దామని కొందరంటే, మా పిల్ల చేస్తుందని సంఘపెద్ద అయిన మా పెదనాన్న మాటిచ్చేశారు. ఒక పాత కంప్యూటర్‌లో వేయడానికి ఉచితంగా దొరికే ఆపరేటింగ్ సిస్టమ్‌లు రెండు చూశాను. లినక్స్‌ది రంగుల తెరతో సులువుగా ఉంది కానీ, లోపలినుంచి బయటికి దారులన్నీ తెరిచే ఉంచుతుంది. బీఎస్‌డీ రకానిది నల్లటి తెర, తెల్లటి అక్షరాలు. నియమాలన్నీ మనమే రాసుకోవాలి. పిల్లలు ఏం చూసేస్తారోనని అప్పుడూ భయమే. రెండోదే ఎంచుకుని, అన్నీ మూసి, అవసరమనుకున్నవి మాత్రం తెరిచాను. ఆ కాపలా కంప్యూటర్‌లోనే పరీక్షించి బాగుందనుకున్నాను తప్ప, పిల్లలు కూర్చునే వాటిలో ఒక్కదాన్నీ ముట్టి చూడలేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక గది కిక్కిరిసింది. పెదనాన్న ముందుగా ఇంటర్నెట్‌లో బైబిలు పేజీ తెరవమన్నారు. పిల్లల కంప్యూటర్ తెర తెల్లగానే ఉండిపోయింది.

“ఏటే, దేవుడి వాక్యాన్నే ఆపేసినాదా నీ కాపలా?” అంది మా మేనత్త. గదంతా నవ్వింది. నాకు నేల చూడటానికి కూడా ముఖం చెల్లలేదు.

పెదనాన్న మాత్రం, కళ్ళు మూసుకోండి, ప్రార్థన చేద్దాం అన్నారు. కరెంటు కోసం, వైర్ల కోసం, ఘాట్ రోడ్డు ఎక్కే లారీల కోసం, వాటి టైర్ల కోసం కూడా దేవుణ్ణి స్తుతిస్తూనే ఉన్నారు. అందరూ కళ్ళు మూసుకున్న ఆ కాసేపట్లో, సైటు పేరును బట్టి చిరునామా వెతికే దారిని తెరవనేలేదని కనిపెట్టి, రెండుసార్లు తప్పు కొట్టి, కాపలా కంప్యూటర్‌లో ఒక నియమం రాశాను. నా కీబోర్డు చప్పుడు ఆగాకే ఆయన ఆమెన్ అన్నారు. పేజీ తెరుచుకుంది.

“నా పెళ్ళిలో కూడా మా అన్నయ్య ఇంత ప్రార్థన సెయ్యనేదే!” అంది మేనత్త.

పెదనాన్న అది విననట్టే వాక్యం చదవడం మొదలుపెట్టారు. ఆ నవ్వుకన్నా ఈ దయకే నేను ఎక్కువ సిగ్గుపడ్డాను, ఇప్పటికీ పడుతున్నాను.

ఆ గదిలో ఇప్పుడు కుర్చీలు పేర్చి ఉంచుతున్నారు. అప్పుడు అందరికీ ఇంటర్నెట్‌లోకి వాకిలి ఒక్కటే. ఇప్పుడు ఎవరి వాకిలి వాళ్ళ చేతిలోని ఫోన్‌లో ఉంది. ఈ సాయంత్రం తాళం తీస్తూ అలాగే రెండుసార్లు తప్పు కొట్టాను. పాప కళ్ళు తుడుచుకుని, రెప్ప వేయకుండా నా వేళ్ళనే చూస్తూ కూర్చుంది.